తడి గోనె కింద మల్బరీ ఆకు

ప్రయోగశాలల్లో కొత్తగా ఉద్యోగం వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, "మీ రోజుల్లో ఎలా ఉండేది మేడమ్?" అని అడుగుతారు. బాగుండేదని చెబితే వాళ్ళకు ఇష్టం. బాగుండేది కాదు. నేను చేసిన దాంట్లో మంచి పని పావు వంతు ఉంటే పనికిమాలిన పని సగం ఉంది. మిగిలిన పావు వంతు తప్పు పని. దాని గురించే ఇక్కడ రాస్తున్నాను. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్న సంగతులు నా సర్వీసు పుస్తకంలో ఉన్నాయి. ఎలుకలు కొట్టకుండా మిగిలుంటే అక్కడ చూసుకోండి.

నా పేరు ఎస్తేరు. మదనపల్లెలో మిషన్ కాంపౌండు పక్కన పుట్టి పెరిగాను. నాన్న కాంపౌండరు. నేను కెమిస్ట్రీలో డిగ్రీ చదివాను. డెబ్బైల్లో మా వైపు పట్టుపురుగుల పెంపకం ఊపందుకుంది. పట్టుపురుగు మల్బరీ ఆకు తప్ప ఇంకేదీ ముట్టదు కనుక, ఆ ఆకు బాగోగులు చూసే మనిషి కావాలని ఒక సంస్థ మదనపల్లెలో చిన్న ప్రయోగశాల పెట్టి నన్ను తీసుకుంది. సంస్థ పేరు రాయను, ఇప్పుడది లేదు కూడా. పుంగనూరులో మా మల్బరీ తోట ఉండేది. కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో మా రైతులు ఉండేవాళ్ళు. ఈ మూడు ఊళ్ళ మధ్య బస్సుల్లో తిరిగి తిరిగి నా నడుము పడిపోయింది.

కోసిన ఆకు వెంటనే చావదు

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు మొదట తెలుసుకోవలసింది ఇదే. నాకు మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

కొమ్మ మీద ఉన్నంతసేపు ఆకు ఎండలో చక్కెర తయారు చేసుకొని దానితో బతుకుతుంది. కోసి చీకట్లో పెడితే తిండి ఆగిపోతుంది కానీ ఊపిరి ఆగదు. ముందు ఒంట్లో ఉన్న చక్కెర ఖర్చవుతుంది. తర్వాత ఆకు తన ప్రోటీన్ల మీదే పడుతుంది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు గుచ్చిన దండ. దండ తెంపి పూసలు విడదీస్తుంది. ఆ పూసల్నీ వదలదు. ఒక్కొక్క అమైనో ఆమ్లం నుంచి నత్రజని ఉన్న ముక్కను ఊడబెరికి, మిగిలినదాన్ని మండించుకుంటుంది. కరువులో ఇంటి దూలాలు పీకి పొయ్యిలో పెట్టుకోవడం లాంటి బతుకు అది.

ఊడిన నత్రజని చివరికి అమ్మోనియా అవుతుంది. అమ్మోనియా ఆకుకు విషమే. అందుకని చక్కెర ఉన్నంతవరకు దాన్ని వేరే అమైనో ఆమ్లాలకు తగిలించి జాగ్రత్తగా మూటగట్టి పెడుతుంది. చక్కెర పూర్తిగా అయిపోయాక ఆ మూటలు కూడా విప్పుకుంటుంది. అప్పుడు ఆకు మెత్తబడి అదో రకం కంపు మొదలవుతుంది. పండుటాకు కూడా రాలేముందు తన ప్రోటీన్లను ఇలాగే విడదీస్తుంది కానీ, విడదీసిన సరుకును కొమ్మకు పంపి మరీ రాలుతుంది. కోసిన ఆకుకు పంపడానికి కొమ్మ ఉండదు.

పురుగు అల్లే పట్టు కూడా ప్రోటీనే. ఆకులోని ప్రోటీన్‌ను అరిగించుకొని పురుగు దాన్ని దారం చేస్తుంది. ఆకు తనను తాను ముందే తినేసి అమ్మోనియా మిగిలిస్తే పురుగు ఏం తినాలి, ఏం అల్లాలి?

ఈ సంగతి నాకు పుస్తకం చెప్పేముందే పుంగనూరు తోటలో ముత్యాలప్ప చెప్పాడు. తోట పని చూసే పెద్దాయన ఆయన. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకరోజు కోసి కుప్పపోసిన ఆకు పక్కన నిలబడి ఉంటే నన్ను పిలిచాడు.

"మేడమ్మా, కుప్పలో సెయ్యి పెట్టి సూడు."

మోచేతి దాకా పెట్టాను. లోపల వెచ్చగా ఉంది, జ్వరమొచ్చిన బిడ్డ ఒళ్ళులాగా.

"కాగతాండాది సూస్తివా? పైన తడి గోనె కప్పితే సల్లగుంటాదని మీవోళ్ళు అంటారు. లోపల దానికి ఊపిరాడల్యా. తిరగేసేకి మనుసుల్ని ఇయ్యమంటే ఇయ్యరు."

నేను నవ్వి చెయ్యి దులుపుకున్నాను. నా నోటు పుస్తకంలో తేమకు గడి ఉంది, నత్రజనికి గడి ఉంది, వెచ్చదనానికి గడి లేదు. కనుక ఏమీ రాయలేదు.

యాసిడ్ గది

మా ప్రయోగశాల అంటే రేకుల కప్పు కింద రెండు గదులు. ఒకదాంట్లో యాసిడ్ పని. ఎండబెట్టి పొడిచేసిన ఆకును మరిగే గంధకామ్లంలో వేసి నల్లటి ద్రవం తేటపడేదాకా కాచాలి. తర్వాత అందులోకి సోడా పోసి, అమ్మోనియాను ఆవిరిగా బయటికి లాగి కొలవాలి. వచ్చిన లెక్కను ఆరుంబావుతో గుణిస్తే ప్రోటీన్ ఇంత అని రాయాలి. నా చీరలన్నిటికీ చిల్లులే. ఆదివారం చర్చికి కట్టుకునే ఒక్క చీర బీరువాలో విడిగా దాచుకునేదాన్ని.

మా పై అధికారి సూర్యారావు గారు. కోస్తా నుంచి వచ్చారు. తెలివైన మనిషి, కాదనను. పిప్పెట్టు పట్టుకుంటే చుక్క అటూ ఇటూ కాదు. కానీ తన నోటి నుంచి ఒక మాట వచ్చాక అది తప్పని తేలడం ఆయన భరించలేరు. నా సర్వీసులో ఇలాంటి పెద్దలు చాలామంది తగిలారు. పని రాని అధికారి కింద బతకొచ్చు. పని బాగా వచ్చి, తప్పు ఒప్పుకోలేనివాడి కింద పడితే మీ ఎముకలు కూడా మిగలవు.

కుప్పం రైతులకు ఆకు కొరతగా ఉండేది. తోటలు లేతవి, చిన్నవి. పురుగు మొదట్లో తినేది గుప్పెడే. ఆకు తినడం మానేసి, కదలకుండా పడుకొని చర్మం విడిచే రోజుల్ని మా రైతులు జ్వరం అంటారు. నాలుగో జ్వరం తేరుకున్నాక అది తినే తిండి చూస్తే మీకు భయం వేస్తుంది. ఆ వారం రోజులు ఆకు తగ్గితే గూడు పలచబడుతుంది. కనుక పుంగనూరు తోటలో సాయంత్రం ఆకు కోసి, తడి గోనె కింద నిలవ పెట్టి, పొద్దున సంచుల్లో కుక్కి బస్సు మీద కుప్పం పంపాలని సూర్యారావు గారు పథకం వేశారు. పల్లెలకు చేరేసరికి మధ్యాహ్నం దాటేది. మర్నాడు దాకా అదే ఆకు వేసేవాళ్ళు.

పథకానికి ముందు పరీక్ష కావాలి కదా. తాజా ఆకు, నిలవ ఆకు పక్కపక్కన పెట్టి చేశాను. నిలవ ఆకులోనే నత్రజని శాతం ఎక్కువ వచ్చింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.

"చూశావా ఎస్తేర్! నిలవ పెడితే ఆకు ఇంకా పదునెక్కుతోంది. రాయి" అన్నారు.

రాశాను. నిలవ ఆకు శ్రేష్ఠమని రాసి కింద నా పూర్తి పేరు పెట్టాను. దాన్ని ఊదారంగు సిరాతో అచ్చుతీసి పల్లెలకు పంచారు. నా పేరు అచ్చులో చూసుకొని మురిసిపోయాను కూడా. నా మొహం!

ఆ నత్రజని ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడగాల్సింది. గోనె కిందికి ఎవరైనా తెచ్చి పోశారా? బియ్యం, కందిపప్పు కలిపిన డబ్బాలోంచి బియ్యం తీసేస్తే పప్పు వంతు పెరిగినట్టు కనిపిస్తుంది. పప్పు ఒక్క గింజ పెరగదు. రాత్రంతా ఆకు తన చక్కెరను మండించుకొని తేలికైంది, ఉన్న నత్రజని ఉన్నట్టే ఉంది. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. మా పరీక్ష ఆకులోని నత్రజనినంతా, అది ఏ రూపంలో ఉన్నా, అమ్మోనియాగా మార్చి కొలుస్తుంది. ఆకు గోనె కింద రాత్రంతా చేసుకున్న పనిని మేము యాసిడ్‌లో పూర్తి చేసేవాళ్ళం. ఆకు ముందే ఎంత చేసుకుందో ఆ పరీక్షకు తెలిసే దారే లేదు. డిగ్రీ చదివినదాన్ని, ఇది నాకు తట్టలేదు. తట్టలేదని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మునెమ్మ సంచిలో మొహం పెట్టింది

కుప్పం దగ్గరి పల్లెలో మునెమ్మ అనే రైతు ఉండేది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. మొగుడు వెంకటప్ప కోలారు వైపు పనికి పోయేవాడు, రెండు మూడు నెలలకోసారి వచ్చేవాడు. అర ఎకరం మల్బరీ ఆమె ఒక్కతే చూసుకునేది. ఇంట్లో ఉన్న ఒకే గది పురుగులకిచ్చి తాను అరుగు మీద పడుకునేది. గడప ముందు సున్నం చల్లి, కాళ్ళు కడగనిదే నన్ను కూడా లోపలికి రానిచ్చేది కాదు. ఘాటు పురుగులకు తగలకూడదని తాలింపు కూడా వీధిలో పెట్టుకునేది. ఆ చుట్టుపక్కల గూళ్ళు ఆమెవే గట్టిగా ఉండేవి.

సంస్థ ఇచ్చే పురుగుగుడ్లకు ఒక జాబితా ఉండేది. జాబితాలో పేరుంటేనే గుడ్లు. గుడ్లు లేకపోతే మల్బరీ తోట మేకలకు తప్ప ఎందుకూ కొరగాదు. ఆ పల్లెలో ఆడమనిషి పేరు మీద గుడ్లు వచ్చేది మునెమ్మకు ఒక్కదానికే.

పథకం మొదలైన వేసవిలో మొదటి సంచులతో నేనే వెళ్ళాను. మునెమ్మ పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచి తట్టల్లో తలలెత్తి ఆకు కోసం చూస్తున్నాయి. ఆమె సంచి మూతి విప్పి, మొహం లోపలికి పెట్టి వెంటనే వెనక్కి తీసింది.

"థూ! ఇదేం ఆకు మేడమ్మా? పెండ కంపు కొడతాండాది."

"ప్రయాణంలో వాడింది, అంతే. నీళ్ళు చల్లితే తేరుకుంటుంది" అన్నాను.

"ఇది తేరుకునే ఆకు కాదు. నాకొద్దు. నా తోటలో ఉండేదే సన్నంగా తరిగి ఏసి ఎట్లో పొద్దు నెట్టుకొస్తా."

నేను ఊదారంగు కాగితం తీశాను. ఆమె దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు.

"నాకు సదువు రాదు మేడమ్మా. ఆ కాగితం యాల నాకు? నువ్వు సెప్పు. నీ పురుగులైతే ఏస్తావా ఈ ఆకు?"

"వేస్తాను" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత గంప తెచ్చి సంచి బోర్లించుకుంది.

నాలుగో రోజుకు పురుగులు తినడం మానేశాయి. ఒళ్ళు మెత్తబడి, నీళ్ళు కక్కి, తట్టల అంచుల మీద వేలాడిపోయాయి. సప్పె రోగం అంటారు అక్కడ. మా ఆకు వేసిన మిగతా ఇళ్ళలోనూ పోయాయి, కాకపోతే కొంచెం కొంచెంగా. మునెమ్మ ఇంట్లో ఒక్క పురుగు కూడా గూడు అల్లలేదు. నన్ను నమ్మి ఆమే ఎక్కువ ఆకు వేసింది మరి.

నేను చెప్పిన మాట

వారానికోసారి కుప్పంలో రైతుల మీటింగు ఉండేది. మునెమ్మ చచ్చిన పురుగుల తట్టను నెత్తిన పెట్టుకొని వచ్చి సూర్యారావు గారి బల్ల మీద దించింది.

"మీ ఆకే సంపింది సార్. సూసుకోండి. నేను కంపు కొడతాండాదని సెప్పినా. ఈ మేడమ్మ ఏమీ కాదనె."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. సూర్యారావు గారు జేబురుమాలు ముక్కుకు పెట్టుకొని, విచారణ చేస్తామన్నారు. మునెమ్మ వెళ్ళాక నన్ను పక్కకు పిలిచారు.

"ఇంత దారుణంగా ఆమె ఇంట్లోనే ఎందుకు పోయాయి? ఏదో జరిగుంటుంది. నువ్వు ఆడదానివి, పక్కన కూర్చొని మెల్లగా రాబట్టు."

వెళ్ళాను. ఆమె చెల్లెలొచ్చినట్టు చాప పరిచింది. పరామర్శకు వచ్చాననుకుంది. కాఫీకి పాలు లేవని మజ్జిగ ఇచ్చింది. మాటల్లో అడిగాను, పురుగులు పెద్దవయ్యాక ఏమైనా తేడా జరిగిందా అని. ఆమె మజ్జిగ చెంబు పక్కన పెట్టింది. తర్వాత వీధిలోకి ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఒకటి జరిగింది మేడమ్మా. నీకొక్కదానికే సెప్తాండా. నాలుగో జ్వరం లేసినాక ముట్టయితిని. ఎవురుండారు నాకు? ఆయప్ప కోలారులో ఉండాడు. పక్కింటోళ్ళని పిలిస్తే ఊరంతా తెలుస్తాది, పురుగులు పారేయమంటారు. అవి ఆకలికి తలలెత్తి సూస్తాంటే నేను గడప కాడ కూసోని సూడాల్నా? నెత్తిన నీళ్ళు పోసుకొని లోపలికి పోయి ఆకేసినా. మూడు దినాలు ఏసినా. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు సెప్పు. దానికేనా సచ్చింది?"

"కాదు. దానికీ దీనికీ సంబంధం లేదు" అన్నాను. అది నిజం. నేను నమ్మిన నిజమే చెప్పాను.

"పల్లెలో తెలిస్తే నన్ను బతకనియ్యరు మేడమ్మా."

"ఎవరికీ చెప్పను" అన్నాను.

మర్నాడు మదనపల్లెలో సూర్యారావు గారు ఏం తేలిందని అడిగారు. చెప్పేశాను.

ఎందుకు చెప్పానో ఎన్నో ఏళ్ళు నాకు నేనే కథలు చెప్పుకున్నాను. ఆయన గద్దించారని, చిన్నదాన్నని, ఉద్యోగం పోతుందని భయపడ్డానని. అవేవీ కావు. ఆ కాగితం మీద పేరు నాది. తప్పు ఆకుదైతే తప్పు నాది. తప్పు మునెమ్మదైతే నేను బయటపడతాను. అందుకు చెప్పాను. ఇంతకంటే మర్యాదైన కారణం నా దగ్గర లేదు.

ఆయన విచారణ నివేదిక తానే రాశారు. పెంపకందారు మైల రోజుల్లో పురుగుల గదిలోకి వెళ్ళినట్టు స్వయంగా ఒప్పుకుందని, పంట పోవడానికి అదే కారణమని. ఆయనకు అందులో నమ్మకం ఉండి రాశారనుకోను. కింద సాక్షిగా నేను సంతకం చేశాను. తర్వాతి మీటింగులో దాన్ని పైకి చదివారు.

అది విని జనం లేచి నిలబడ్డారు. తర్వాత అరుపులు. మిగతా ఇళ్ళలో పురుగులు పోయింది కూడా ఆమె అంటు వల్లేనని అక్కడికక్కడే తేల్చారు. ఒకాయన, "ఈయమ్మ మా ఇంటికి కూడా వచ్చింది సార్ ఆ వారం, ఉప్పు అడిగేకి" అని గుర్తు చేసుకున్నాడు. ఆకు సంగతి ఎవరూ ఎత్తలేదు. మునెమ్మ వెనక గోడకు ఆనుకొని నిలబడింది. ఎవరి వైపూ చూడలేదు, నా వైపు తప్ప. నేను తల వంచుకొని ఫైలు తిరగేస్తూ కూర్చున్నాను.

జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశారు.

విరిచి చూశాను

ఆ తర్వాత నాకు తిండి సయించలేదు. చేయాల్సిన పరీక్షను అప్పుడు చేశాను. ఆకును దంచి రసం తీసి, దాన్ని ఇంకో ఆమ్లంతో పాలు విరిచినట్టు విరిస్తే ప్రోటీన్ ముద్దగా విడిపోతుంది. వడపోత కాగితం మీద మిగిలిన ముద్ద ప్రోటీన్. కిందికి దిగిన నీళ్ళలో విడిపోయిన అమైనో ఆమ్లాలు ఉంటాయి, మందు వేస్తే ఊదారంగు తిరుగుతాయి. అమ్మోనియాను యాసిడ్‌లో కాచకుండా విడిగా లాగి కొలవాలి. మందు తగిలి నా వేళ్ళు వారం రోజులు ఊదాగా ఉన్నాయి. అన్నం కలుపుకుంటుంటే అమ్మ కసిరేది.

ముత్యాలప్ప చేత గోనె కిందిది, సంచుల్లో కుక్కిందీ తెప్పించి చేశాను. తాజా ఆకులో ముద్ద నిండుగా ఉంది. గోనె కింద రాత్రంతా ఉన్న ఆకులో ముద్ద తగ్గి నీళ్ళు ముదురు ఊదా అయ్యాయి. సంచిలో రెండో రోజుకు చేరిన ఆకులో ముద్దా పలచబడింది, ఊదా కూడా తగ్గుముఖం పట్టింది, అమ్మోనియా మాత్రం పైకి లేచింది. మునెమ్మ ముక్కుకు తగిలింది అదే. నాకు ఇన్ని గాజు సామాన్లు కావలసి వచ్చాయి.

కాగితాలు తీసుకెళ్ళి సూర్యారావు గారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు. కోప్పడలేదు, మెచ్చుకున్నారు. "చాలా మంచి పని చేశావు ఎస్తేర్. దీన్ని మనం సభలో చదువుదాం" అన్నారు. బెంగుళూరులో ఏదో సభలో చదివారు కూడా. అప్పటికి 'మనం' పోయి 'నేను' మిగిలింది, ఆ 'నేను' ఆయనే. అందులో కోసిన ఆకు ఉంది, అమైనో ఆమ్లాలు ఉన్నాయి. చచ్చిన పురుగులు లేవు, కుప్పం లేదు. పుంగనూరు నుంచి ఆకు పంపడం మాత్రం, బావిలో నీళ్ళు తగ్గాయనే సాకు మీద, చడీచప్పుడు లేకుండా ఆపేశారు.

"మునెమ్మ పేరు మళ్ళీ జాబితాలో వేద్దామా సార్?" అని అడిగాను.

"అది వేరే సంగతి. ఆమె ఆ రోజుల్లో లోపలికి వెళ్ళిందని మనం రాసింది అబద్ధమా?"

అబద్ధం కాదు. కాగితాలు ఆయన బల్ల మీదే వదిలి బయటికి వచ్చాను.

కొత్తగా చేరే పిల్లలకు ఈ రెండు మాటలు చెబుతాను, వింటే వినండి. మీ పరీక్ష మీరు అడిగిన దానికే జవాబు చెబుతుంది, అడగాల్సిన దానికి చెప్పదు. కాబట్టి లెక్క బాగా వచ్చిన రోజు ఇంకొంచెం అనుమానపడండి. ఇక రెండోది. తప్పు లెక్కను కొట్టేసి పైన సరైన లెక్క రాయొచ్చు, నేను చాలాసార్లు రాశాను. ఒక మనిషి నమ్మి చెప్పిన నిజాన్ని తీసుకెళ్ళి నివేదికలో పెడితే దాన్ని కొట్టేయడానికి మీ దగ్గర ఏ పరీక్షా ఉండదు.

చెప్పడానికి వెళ్ళాను

ఎనభైల్లో సంస్థ మూతపడింది. సూర్యారావు గారు అంతకుముందే బదిలీ మీద వెళ్ళిపోయారు. నేను వేరే ఉద్యోగంలోకి మారాను. అక్కడా మల్బరీ పనే. మునెమ్మ ఊరి మీదుగా చాలాసార్లు బస్సులో పోయాను కానీ దిగలేదు. ఒకసారి ఆ ఊళ్ళోనే కృష్ణప్ప అనే రైతు కట్టిన పెద్ద పురుగుల షెడ్డు చూసి రమ్మని పంపారు. ఇక దిగక తప్పలేదు.

షెడ్డు బాగుంది. కొత్త పెంకులు, కిటికీలకు వలలు, గడప ముందు కాళ్ళు కడుక్కోవడానికి తొట్టి. ఆడవాళ్ళు తోట నుంచి ఆకు మోపులు తెచ్చి లోపలికి తీసుకెళ్తున్నారు. ఒక మనిషి మాత్రం మోపును గడపకు పది అడుగుల దూరంలో దించి వెనక్కి తిరిగింది. లోపలి నుంచి ఇంకొకామె వచ్చి దాన్ని ఎత్తుకుంది. అలా వెనక్కి తిరిగిన మనిషి మునెమ్మ. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టింది.

"వచ్చినావా మేడమ్మా" అంది, అంతే.

"నీ తోట?"

"పీకేసినాం. గుడ్లు ఇయ్యకపోతే ఏం సేసేది? ఈడ ఆకు కోస్తాండా. లోపలికి మాత్రం రానీరు."

అన్నేళ్ళుగా దాచుకున్నదంతా అక్కడే నిలబడి చెప్పాను. ఆకు గోనె కింద కుళ్ళిందని, నా పరీక్ష తప్పని, పురుగులు చచ్చింది మా ఆకు వల్లేనని. ఏడ్చాను కూడా. ఆమె ఏడవలేదు.

"ఇదంతా నాకు అప్పుడే తెలుసు గదా మేడమ్మా. నాకు సెప్పేదెందుకు? ఆయప్పకి సెప్పు పో" అని కృష్ణప్ప వైపు చూపించింది.

వెళ్ళి ఆయనకు చెప్పాను. ఈసారి మెల్లగా, వివరంగా, షెడ్డులోని వాళ్ళందరికీ వినబడేలా చెప్పాను. కృష్ణప్ప మర్యాదగా, చేతులు కట్టుకొని విన్నాడు. చెడ్డ మనిషి కాదు. అంతా అయ్యాక గొంతు సవరించుకున్నాడు.

"ఆకు సంగతి సరే మేడమ్. మీరు పెద్ద సదువులు సదివినోళ్ళు, మీరు సెప్తే కాదనేకి నేనెవర్ని? కానీ ఆయమ్మ ఆ మూడు దినాలు లోపలికి పోయిందా లేదా, అది సెప్పండి."

నేను మునెమ్మ వైపు చూశాను.

"పోయిందని రాసి సంతకం పెట్టింది మీరే గదా మేడమ్. మా నాయన ఆ మీటింగులో ఉండె."

"అవును, నేనే. కానీ దానికీ పురుగులు చావడానికీ..."

"అయ్యుండొచ్చు. ఎందుకైనా మంచిదని, ఆయమ్మ బైటే ఉంటే మాకూ దిగులుండదు. ఆకు కోసేకి మేము వొద్దన్లేదు కదా." మాట మార్చాలనుకున్నాడో ఏమో, తొట్టి వైపు చెయ్యి చూపించాడు. "రాండి మేడమ్, ఎండలో నిలబడినారు. కాళ్ళు కడుక్కొని లోపలికి రాండి. పురుగులు నాలుగో జ్వరం లేసినాయి, సూద్దురు గాని."

మునెమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకొని అక్కడే నిలబడి ఉంది. నేను కాళ్ళు కడుక్కొని లోపలికి వెళ్ళాను. తట్టలన్నీ తిరిగి చూశాను, పురుగుల్ని చేత్తో పట్టుకొని చూశాను, బాగున్నాయని చెప్పాను.

ఆ రోజు నాకు ముట్టు రెండో రోజు. నన్నెవరూ అడగలేదు.